జీవితకథ ఇంటర్వ్యూ మధ్యలో ఆవిడ అన్న మాట: ఇప్పుడు నా బాధ్యత ఎంతవరకు?

ఫీల్డ్‌వర్క్_డైరీ · బుధవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. విశాఖలో ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) రెండో ఏడు చదువుతున్నాను. పరిశ్రమల్లో ప్రమాదాలు జరిగి భర్త పోయాక ఇల్లు నడుపుతున్న ఆడవాళ్ల జీవితకథలు నా డిజర్టేషన్. ఏ ఊరో, ఏ ప్రమాదమో రాయను, దయచేసి అడగొద్దు.

ఈరోజు ఒకావిడ దగ్గర కూర్చున్నాను. నలభై దాటి ఉంటాయి. పుట్టిల్లు, బడి మాన్పించిన సంగతి, పెళ్లి దాకా నవ్వుతూనే చెప్పింది. మధ్యలో టీ పెడుతూ మామూలు గొంతుతోనే, "పెద్దదాని పెళ్లయిపోతే ఇంక నాకేటి పనమ్మా, నానూ ఎల్లిపోతాను" అంది. నేను నోరు తెరిచేలోపే "ఇది ఎవుల్తోటీ అనకు" అంది. ఇంతలో అత్తగారు లోపలికొచ్చారు. మాట మారిపోయింది.

గైడ్ గారికి ఫోన్ చేస్తే "నువ్వు పరిశోధన చేస్తున్నావు, కౌన్సెలింగ్ కాదు. నోట్స్‌లో రాసుకుని వదిలెయ్" అన్నారు. సమ్మతి పత్రంలో "మీరు చెప్పినవన్నీ గోప్యంగా ఉంచుతాం" అని ఉంది, దాని మీద ఆవిడ సంతకం ఉంది. శనివారం మళ్లీ వస్తానని చెప్పి వచ్చాను. అప్పటిదాకా ఆగొచ్చా?

వార్డు_అక్క · 9:31

ఆగొద్దమ్మా. రేపు పొద్దున్నే ఫోన్ చేసి, అత్తగారు ఇంట్లో లేని వేళ కనుక్కుని వెళ్లు. రికార్డర్ తీసుకెళ్లకు.

వెళ్లాక డొంకతిరుగుడు వద్దు. "నిన్న నానూ ఎల్లిపోతానన్నావు కదా పిన్నీ, చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అదే మాట పెట్టి అడుగు. అడిగితే లేని ఆలోచన మనమే పుట్టిస్తామేమోనని చాలామందికి భయం. అలా జరగదని పరిశోధనలూ చెప్పాయి, వార్డులో నేను చూసేదీ అదే. ఎవరో ఒకరు ఆ మాట పైకి అన్నారని సగం మంది ఊపిరి పీల్చుకుంటారు.

అవునంటే ఆ వెనకే అడగాల్సినవి ఉన్నాయి. ఎప్పట్నుంచి అనిపిస్తోంది, ఎలా అన్నది కూడా అనుకుందా, అది చేతికందేలా ఉందా, ఇంతకుముందు ఎప్పుడైనా ప్రయత్నించిందా, రాత్రిళ్లు పక్కన ఎవరు పడుకుంటారు. ఇంకోటి, చాలామంది వదిలేసేది: పెద్దమ్మాయికి సంబంధం కుదిరిందా? ఆవిడ తనంతట తానే గడువు చెప్పింది. పెళ్లి ఇంకా మాటల్లోనే ఉంటే, ఇప్పటికి ఆ పిల్లే ఆవిణ్ణి పట్టి ఉంచుతోందన్నమాట. మాఘంలో ముహూర్తం పెట్టేసి ఉంటే మాత్రం లెక్క వేరు.

ఎలాగో కూడా అనుకుందంటే అక్కణ్ణుంచి కదలకు. ఆవిడ నమ్మే మనిషిని పిలిపించి పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి గానీ, వాల్తేరు మానసిక ఆసుపత్రికి గానీ తీసుకెళ్లాలి. 108 పిలవొచ్చు. అంతదాకా లేదంటే ఓపీ చాలు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. నువ్వు పక్కనుండగానే ఆవిడ చేత చేయించు. నంబరు కాగితం మీద రాసిచ్చి వచ్చేస్తే ఆ కాగితం క్యాలెండర్ వెనక్కి పోతుంది.

కంచరపాలెం_కబుర్లు · 9:58

అక్కగారి మీద గౌరవంతోనే అంటున్నాను. మా అమ్మమ్మ పాతికేళ్లపాటు రోజూ "దేవుడు తీసుకుపోతే బాగుణ్ణు" అంటూ దర్జాగా బతికింది. మన వైపు ఆడవాళ్లు కష్టం చెప్పుకునే తీరే అది. ప్రతి మాటకీ ఆసుపత్రి, హెల్ప్‌లైన్ అంటే ఆవిడ ఇంకెప్పుడైనా ఈ పిల్లతో మనసు విప్పుతుందా? ఊళ్లో తెలిస్తే "దానికి మతి పోయింది" అంటారు. ఆ పెద్దమ్మాయి సంబంధం కూడా చెడుతుంది. అది ఎవరు భరిస్తారు?

నైట్‌షిఫ్ట్ · 11:20

హెల్ప్‌లైన్‌లో పనిచేస్తాను, ఏదన్నది అనవసరం. కబుర్లు గారూ, సంబంధం చెడుతుందన్న భయం నిజమే, దాన్ని కొట్టిపారెయ్యను. కానీ మీ అమ్మమ్మ గారు ఆ మాట వీధరుగు మీద కూర్చుని అందరికీ వినపడేలా అనేవారు కదా? ఈవిడ ఒక్కరికి చెప్పి, ఎవరికీ చెప్పకంది, ఫలానా పని అయ్యాక అంది. ఆనవాయితీ మాటో కాదో తెలుసుకోవాలంటే అడగడమొక్కటే దారి. ఆనవాయితీ మాటే అయితే నవ్వేసి "ఛ, ఊరికే అన్నాన్లే" అంటుంది. అప్పుడు పోయిందేముంది?

ఫీల్డ్‌వర్క్_డైరీ గారూ, మీకొకటి. అడిగే ముందు మీకు మీరే ఒక సంగతి తేల్చుకోండి: ఆవిడ అవునంటే మీరు వెంటనే ఎవరికి ఫోన్ చేస్తారు? ఆ పేరు సిద్ధంగా లేకుండా వెళ్లొద్దు. మీ గైడ్ గారు కాకపోతే ఫీల్డ్‌వర్క్ సూపర్‌వైజర్, వాళ్లూ కాకపోతే ఇక్కడ అక్కగారు. ఒంటరిగా మొయ్యకండి.

లాపాయింట్ · గురువారం ఉదయం 7:05

న్యాయవాదిని. గోప్యత సంగతి చెబుతాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా ఇచ్చింది. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, ఇంకొకరికి హాని జరిగేలా ఉన్నప్పుడు బయటపెట్టే వీలూ అదే సెక్షన్‌లో ఉంది, అదీ అవసరమైనంత మేరకే. ఆ సెక్షన్ వైద్యం చేసేవాళ్ల కోసం రాసింది. విద్యార్థికి నేరుగా వర్తించదు గానీ కొలత అదే పెట్టుకోండి. ఆవిడ చెల్లెలికో అన్నకో "అక్క మనసు బాగాలేదు, ఈ వారం ఒంటరిగా ఉంచకండి, ఆసుపత్రికి తీసుకెళ్దాం" అంటే సరిపోతుంది. అత్తగారి గురించి చెప్పిందీ, పెళ్లి కబుర్లూ, డబ్బు సంగతులూ వాళ్లకి అక్కర్లేదు.

"చెబితే పోలీసు కేసవుతుంది" అని కుటుంబాలు వెనకాడతాయి. ఆత్మహత్యాయత్నానికి శిక్ష వేసే పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 309వ సెక్షన్ 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. ప్రభుత్వోద్యోగి మీద ఒత్తిడి తేవడానికి చేసే ప్రయత్నానికి మాత్రం అందులో 226వ సెక్షన్ ఉంది. 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం, అలా ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, సంరక్షణ ఇచ్చే బాధ్యత ప్రభుత్వానిది. ఇక "అన్నీ గోప్యంగా ఉంచుతాం" అన్న వాక్యం ఏ ఇంటర్వ్యూలోనూ నిలబడదు. రేపు ఇంకో ఇంట్లో పద్నాలుగేళ్ల పిల్ల మీద జరుగుతున్న లైంగిక హింస బయటపడిందనుకోండి. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే 21 కింద ఆరు నెలల దాకా జైలు. సంతకం పెట్టించుకున్న కాగితం అప్పుడు అడ్డురాదు.

హుద్‌హుద్_నాటి_మనిషి · 10:40

రిటైరయ్యాను. ఊళ్లలో సంఘాల పని చాలాకాలం చేశాను. పిల్ల ప్రశ్నకి పైవాళ్లు జవాబు చెప్పేశారు. నాది కాస్త పక్కదారి, పెద్దమనసు చేసుకోండి.

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను నేరుగా మన విశాఖ మీదే తీరం దాటింది. మర్నాటికి చెట్టన్నది నిలబడి లేదు, కరెంటు లేదు, ఫోన్లు లేవు. రెండు మూడు రోజులకే ఫైళ్లు పట్టుకుని బృందాలు దిగాయి. "ఆ రాత్రి మీకేమనిపించింది?" ఇల్లు కూలినవాడి దగ్గరికి జనాభా లెక్కలకి వచ్చినట్టు. జాలరిపేటలో ఒకాయన "నా వల ఏటయిందో సెప్పు బాబూ, ముందు అది సెప్పు" అన్నాడు. ఆ బృందం దగ్గర వల సంగతికి గడి లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో మానసిక ప్రథమ చికిత్స మీద మార్గదర్శి తెచ్చింది. దాని సారం మూడు మాటలు: చూడు, విను, కలుపు. జరిగిందంతా చెప్పమని బలవంతం చెయ్యొద్దని అందులో స్పష్టంగా ఉంది. అంతకుముందు 1980ల్లో అమెరికాలో అత్యవసర సేవల సిబ్బంది కోసం ఒక పద్ధతి మొదలైంది. ఘటన జరిగిన కొద్ది రోజులకే అందర్నీ కూర్చోబెట్టి ఏం చూశారో, ఏమనిపించిందో చెప్పించడం. ప్రపంచమంతా పాకింది. తర్వాత పరీక్షించి చూస్తే, ఒక్క సిట్టింగులో అలా చెప్పించడం వల్ల ఉపయోగం కనపడలేదు, కొందరికి కీడే జరిగింది. అందుకే ఇప్పుడు వద్దంటున్నారు. 1999 ఒడిశా మహా తుపాను తర్వాత బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు ఊళ్లోని కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపారు. నా దృష్టిలో అదే మన దేశానికి సరిపోయే దారి. వచ్చి వెళ్లిపోయే నిపుణుడి కంటే రోజూ కనపడే అంగన్‌వాడీ అమ్మ మేలు.

జీవితకథకి సమయం వేరు. నీళ్లు, కప్పు, కాగితాలు కుదుటపడ్డాక, ఆ మనిషే "కూర్చో, చెబుతా" అన్నాక.

వెంకటాపురం_నుంచి · 1:15

ఇలాంటి చోట్ల రాయను. పైన మాస్టారి మాట చూసి రాస్తున్నాను. మాది ఆర్.ఆర్.వెంకటాపురం. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషపు ఆవిరి మా వీధుల్లోకి వచ్చినప్పుడు ఇంట్లోనే ఉన్నాం. అందులోనూ లాక్‌డౌన్.

ఆ తర్వాత అడగని వాళ్లు లేరు. టీవీలు, కమిటీలు, కాలేజీ పిల్లలు, విదేశాల నుంచి కూడా. అందరికీ ఆ మూడు గంటల వేళ కావాలి. ఎలా పరిగెత్తావు, ఎవరు పడిపోయారు. మాకు దానికి ముందు బతుకే లేనట్టు. నాకు మా నాన్నతో గోపాలపట్నం సంతకెళ్లిన రోజులు గుర్తు. నేను పదిలో స్కూలు ఫస్టు. ఎవరైనా అడిగారా?

చనిపోయిన ఒక్కొక్కరి కుటుంబానికి ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. మంచిదే. కానీ ఆ అంకె పేపర్లో పడ్డాక మా వీధిలో అడిగేవాళ్ల చూపే మారింది, చుట్టాల చూపు మరీనూ. డబ్బు గురించి అత్తగారి ముందో బావగారి ముందో అడిగే పిల్లలొచ్చారు. ఆ రాత్రి ఆ ఇంట్లో జరిగే గొడవ వాళ్ల రిపోర్టులో ఉండదు. అడగడానికి వెళ్లేవాళ్లు ముందు గదిలో ఎవరెవరున్నారో చూసుకోండి.

కంచరపాలెం_కబుర్లు · 1:32

ఈ మాటకి మాత్రం నా ఓటు. నిన్న నేనన్నదీ సగం ఇదే.

ఏజెన్సీ_దారి · 3:50

పాడేరు వైపు పనిచేస్తాను. మా దగ్గర ఇంకో తిరకాసు. ఆదివాసీ ఒడియా, కువి మాట్లాడే పెద్దవాళ్ల దగ్గర తెలుగులో అడిగితే "ఆఁ, ఊఁ" అంటారు, మనం అవునని రాసుకుంటాం. దుబాసీగా బడికెళ్లే మనవరాలిని కూర్చోబెడతారు. అమ్మమ్మ చావు మాట ఎత్తితే ఆ పిల్లే అనువాదం చెయ్యాలి! ఎంత తొందరైనా ఇంట్లో పిల్లల్ని దుబాసీలుగా పెట్టకండి. బంధువులు కూడా తమకి నచ్చినట్టే చెబుతారు. ఆశా కార్యకర్తో, పక్క ఊరి టీచరో మేలు, వాళ్ల చేత కూడా గోప్యత మాట తీసుకోవాలి.

ఫీల్డ్‌వర్క్_డైరీ · గురువారం రాత్రి 8:47

వెళ్లొచ్చాను. ముందుగా మా ఫీల్డ్‌వర్క్ సూపర్‌వైజర్ మేడంతో మాట్లాడాను. అవసరమైతే తానే వస్తానన్నారు, ధైర్యం వచ్చింది. అత్తగారు గుడికెళ్లే వేళకి చేరుకున్నాను.

అక్క చెప్పినట్టే అడిగాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అనిపిస్తాది. రేత్రిళ్లు అనిపిస్తాది" అంది. ఎలాగన్నది అనుకోలేదట, ఇంతకుముందు ప్రయత్నించలేదట. సంబంధం ఇంకా కుదరలేదు. అసలు బాధ నిద్ర లేకపోవడం, పరిహారం డబ్బు ఎవరి పేరున ఉండాలన్న దాని మీద ఇంట్లో రోజూ రగడ. చెల్లెలు గాజువాకలో ఉంటుంది. ఆవిడకి నేను చెప్పనా, నువ్వు చెబుతావా అని అడిగితే, తానే నా ముందు ఫోన్ చేసింది. "నిద్దర పట్టట్లేదే, ఆసుపత్రికి రా నాతోటి" అంది. అంతే చెప్పింది. నేనూ అంతకుమించి చెప్పలేదు. రేపు ఇద్దరూ ఓపీకి వెళ్తున్నారు. 14416కి కూడా చేసింది, పది నిమిషాల పైనే మాట్లాడింది.

నాకు అర్థం కానిది ఇది: వచ్చేటప్పుడు "మరి శనారం రావా? నా పెళ్లి సంగతి ఇంకా సగమే కదా అయింది" అంది. ఇంటర్వ్యూ ఆపెయ్యాలని నేను అనుకుంటున్నాను. గైడ్ గారు నిన్నటి మాట మీదే ఉన్నారు, పైగా ఇప్పుడు ఈ కేసు తీసేసి కొత్త కేసు వెతుక్కోమంటున్నారు.

వార్డు_అక్క · 9:05

బాగా చేశావు. రేపు ఓపీ అయ్యాక చెల్లెలికి ఒక ఫోన్ కొట్టు, వెళ్లారా లేదా అని. వెళ్లాలనుకున్నవాళ్లలో చాలామంది గేటు దాకా వచ్చి తిరిగి వెళ్లిపోతారు. డబ్బు రగడకి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా సలహా దొరుకుతుంది. నిద్రమాత్ర ఒక్కదాంతో తీరే సంగతి కాదది.

శనివారం వద్దు. డాక్టరు చూసి, రెండు మూడు వారాలు నిలకడగా ఉన్నాక చూద్దాం.

కథల_గంప · 9:40

మౌఖిక చరిత్ర మీద పనిచేస్తాను. అక్కతో కాస్త విభేదిస్తున్నాను. ఆపేస్తే ఆవిడకి ఏమర్థమవుతుంది? నిజం చెప్పినందుకు ఈ అమ్మాయి రావడం మానేసింది అని. చావు మాట కాకుండా తన పెళ్లి, తన బడి అడిగిన మనిషి ఒక్కరే ఉండి ఉండొచ్చు. వెంకటాపురం గారు రాసింది మరోసారి చదవండి. శనివారం వెళ్లాలి, కానీ పరిశోధకురాలిగా కాదు. రికార్డింగ్ లేకుండా, కాసేపు కూర్చోవడానికి. వారాలు గడిచాక, ఆవిడ మళ్లీ అడిగితే అప్పుడు రికార్డర్.

పద్ధతి గురించి ఒక మాట. అమెరికా మనస్తత్వవేత్త డాన్ మెకాడమ్స్ వాడే జీవితకథ ఇంటర్వ్యూలో ముందు బతుకుని అధ్యాయాలుగా చెప్పమంటారు. ఆపైన అన్నిటికంటే మంచి ఘట్టం, అన్నిటికంటే చెడ్డ ఘట్టం, మలుపు, తొలి జ్ఞాపకం. ఆ తర్వాత "రాబోయే అధ్యాయం ఏమిటి?" అని ఉంటుంది. ఈవిడ ఆ ప్రశ్న అడక్కముందే జవాబు చెప్పేసింది. మామూలుగా మనం చెడ్డ ఘట్టం దగ్గరే జాగ్రత్తపడతాం. ముందుముందు సంగతి అడిగేటప్పుడు ఇంకా ఎక్కువ జాగ్రత్తపడాలని నా అభిప్రాయం. భర్త పోయిన ఇంట్లో అది ఖాళీ ప్రశ్న కాదు. ఆ ప్రశ్న పొద్దున పెట్టుకోండి, చీకటి పడ్డాక వద్దు. చెడ్డ ఘట్టం ఎప్పుడూ చివర్న వదలకండి. ఆ తర్వాత వంట, పిల్లలు, పండగలు ఏదో ఒకటి మాట్లాడాకే లేవండి.

తేదీలు అడిగి విసిగించకండి. ఆధార్‌లో ఉన్న పుట్టినరోజు ఎలాగూ బడి మాస్టారు వేసిందే. "సిరిమాను పండక్కి నిండు నెలలు", "హుద్‌హుద్‌కి ముందేడు", "మార్గశిరంలో కనకమాలక్ష్మమ్మ గుడికెళ్లినప్పుడు" అని చెబుతారు. ఆ లెక్కే రాసుకోండి. పెళ్లి ఫొటో, పాత రేషన్ కార్డు చేతికిస్తే ప్రశ్నల అవసరమే ఉండదు.

వార్డు_అక్క · 10:02

రికార్డర్ లేకుండా ఊరికే వెళ్లడానికి నాకేం అభ్యంతరం లేదు. ఆ పిల్ల మళ్లీ కౌన్సెలర్ అయిపోకూడదనే నా బాధ. కౌన్సెలింగ్ ఆసుపత్రి వాళ్లు చేస్తారు, నువ్వు పెళ్లి కథ వింటావు. రెండూ ఒకరే చేస్తే, ఆవిడ నీ చదువు కోసం చెబుతోందో, తన కోసం చెబుతోందో నీకూ తెలియదు, ఆవిడకీ తెలియదు.

ఇంకో మాట, ఇది కౌన్సెలర్లకి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో పేలుడు జరిగి 17 మంది పోయినప్పుడు కుటుంబాలు మార్చురీల దగ్గర నిలబడ్డాయి. అలాంటి చోట మన పని ఓదార్పు మాటలు కాదు. "దేవుడి రాత" అనకూడదు. పోస్టుమార్టం ఎంతసేపు, ఏ సంతకం ఎక్కడ, శరీరం ఎప్పుడిస్తారు అన్నది కనుక్కుని వచ్చి చెప్పాలి. చావు కబురు చెప్పేటప్పుడు "లేరు" అని స్పష్టంగా చెప్పాలి, కూర్చోబెట్టి చెప్పాలి, చెప్పి పారిపోకూడదు. మైకులు పట్టుకుని వచ్చేవాళ్లకి అడ్డంగా నిలబడాలి. ఇంత చేశాక, ఆ రోజు ఇంటికెళ్లే ముందు మన సీనియర్‌తో కూర్చుని మాట్లాడాలి. ఈ చివరిది ఎవరూ చెయ్యరు. డ్యూటీ చార్టులో దానికి వేళ ఉండదు.

నైట్‌షిఫ్ట్ · 10:15

ఉండదు. మా దగ్గరా ఉండదు.

ఫీల్డ్‌వర్క్_డైరీ · శుక్రవారం మధ్యాహ్నం 2:20

చెల్లెలు ఫోన్ చేసింది, ఓపీకి వెళ్లారు. వచ్చే వారం మళ్లీ రమ్మన్నారట. శనివారం ఊరికే వెళ్తాను. చివరి ప్రశ్న: బుధవారం రికార్డింగ్‌లో ఆ మాట ఉంది. ఏం చెయ్యను? సమ్మతి పత్రం ఎలా మార్చను?

లాపాయింట్ · 4:10

ఆ ముక్క ఆవిడది. కుదుటపడ్డాక వినిపించి అడగండి: ఉంచాలా, తీసెయ్యాలా. అప్పటిదాకా ఎవరికీ పంపొద్దు, గైడ్‌కి కూడా. పేరు మార్చినంత మాత్రాన దాగదు. ప్రమాదం, భర్త ఉద్యోగం, ఇద్దరు కూతుళ్లు అని రాస్తే ఆ వీధిలో అందరికీ తెలిసిపోతుంది. ఊరు, పిల్లల సంఖ్య, ఉద్యోగం మూడూ కలిపి రాయకండి.

పత్రంలో ఇలా పెట్టండి: "మీరు చెప్పింది మీ అనుమతి లేకుండా ఎవరికీ చెప్పను. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పుందనిపిస్తే, పిల్లల మీద హింస జరుగుతోందని తెలిస్తే మాత్రం సాయం చేసేవాళ్లకి చెప్పాల్సి వస్తుంది. అలా చెప్పే ముందు వీలైనంతవరకు మీతో మాట్లాడతాను. ఎప్పుడైనా ఆపమనొచ్చు, చెప్పింది తీసెయ్యమనొచ్చు." ముందు చదివి వినిపించండి, ఆ తర్వాతే సంతకం.

వెంకటాపురం_నుంచి · 6:35

దానికింద ఇంకో వాక్యం చేర్చండి. రాసింది పూర్తయ్యాక ఒక కాపీ ఆవిడకి ఇస్తామని, తెలుగులో. మాకు ఇప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు.

ఫీల్డ్‌వర్క్_డైరీ · 6:50

చేరుస్తున్నానండి. చదవడం ఆవిడకి కష్టం. చిన్నమ్మాయి చేత చదివించుకుంటుందేమో అడిగి, కాదంటే నేనే వెళ్లి చదివి వినిపిస్తాను.

ఏజెన్సీ_దారి · 7:02

చిన్నమ్మాయి చేత వద్దు.

ఫీల్డ్‌వర్క్_డైరీ · 7:04

అవును. నేనే వెళ్తాను.